నంబర్ అడిగినప్పుడల్లా చెప్పేయకండి: తిరుపతి వాళ్లకీ, తిరుపతి వచ్చేవాళ్లకీ

తిరుపతిలో ఒక్క రోజు తిరిగితే చాలు, మన వివరాలు ఎన్ని చేతుల్లో పడతాయో తెలుస్తుంది. శ్రీనివాసంలోనో భూదేవి కాంప్లెక్స్‌లోనో దర్శనం టోకెన్‌కి ఆధార్, లాడ్జిలో దిగితే ఆధార్ జిరాక్స్, గాంధీ రోడ్డులో చీర కొంటే ఫోన్ నంబర్, మందుల షాపులో ఒక పారాసిటమాల్ స్ట్రిప్‌కి కూడా ఫోన్ నంబర్, పెద్ద షోరూమ్ గుమ్మం దగ్గర లక్కీ డ్రా కూపన్ మీద పేరు, ఊరు, పుట్టినరోజు, పెళ్లిరోజు. అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు, వెనక నిలబడ్డవాళ్లు తొందరపెడుతుంటారు, మనం చెప్పేస్తాం. చెప్పేముందు ఏం చూసుకోవాలి, ఎక్కడ కుదరదు అనొచ్చు, ఎక్కడ ఇవ్వక తప్పదు, ఇచ్చేశాక ఏం చేయొచ్చు, ఇదంతా ఒకచోట పెడదామని రాస్తున్నాను. షాపులు, లాడ్జీలు, స్కూళ్లు నడిపేవాళ్లు కూడా చదవండి, సగం సమస్య అడిగే వైపే ఉంది.

"మనకి దాచుకోవడానికి ఏముంది" అనేవాళ్లు చాలామంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి గారు వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కే అని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. దాచుకోవడానికి ఏదైనా ఉంటేనే ఆ హక్కు ఉంటుందని ఆ తీర్పులో ఎక్కడా లేదు. కాబట్టి కౌంటర్ దగ్గర "ఇది ఎందుకండీ?" అని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ప్రతిచోటా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ వివరం ఇవ్వకపోతే ఈ పని ఆగిపోతుందా? అడ్రస్ లేకపోతే కొరియర్ రాదు. ఆధార్ లేకపోతే టోకెన్ ఇవ్వరు. ఫోన్ నంబర్ లేకపోయినా చీర చీరే. టార్చిలైట్ యాప్‌కి మీ కాంటాక్టులు లేకపోయినా లైటు వెలుగుతుంది. పని ఆగకపోతే ఇవ్వకండి, అంతే.

బిల్లు కౌంటర్ దగ్గర

బిల్లు ఇవ్వాలంటే ఫోన్ నంబర్ ఇవ్వాల్సిందే అని షాపులవాళ్లు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. చాలా షాపుల్లో ఈ సంగతి కౌంటర్లో కూర్చున్నవాళ్లకి తెలియదు. వాళ్లమీద అరవకండి, రోజుకి ఇన్ని నంబర్లు తీసుకోవాలని పైనుంచి చెప్పిన మాటను వాళ్లు పాటిస్తున్నారు. మామూలుగా చెప్పండి చాలు: "నంబర్ వద్దమ్మా, బిల్లు కాగితం ఇచ్చేయ్." "సిస్టమ్ తీసుకోదు సార్" అంటే, "సూపర్‌వైజర్‌ని పిలువమ్మా, ఆయన తీసుకునేలా చేస్తారు" అనండి. ఇలా గట్టిగా నిలబడ్డప్పుడు బిల్లు వచ్చేస్తుంది, చాలాచోట్ల ఆ గడి ఖాళీగా వదలడానికో, షాపు నంబరే కొట్టడానికో దారి ఉంటుంది.

విసుగొచ్చి నోటికొచ్చిన పది అంకెలు చెప్పేవాళ్లున్నారు. అది మాత్రం చేయకండి, దయచేసి. ఆ పది అంకెలు ఎవరివో ఒకరివై ఉంటాయి, మీరు కొన్న సరుకు తాలూకు మెసేజ్‌లు, ఆఫర్ కాల్స్ అన్నీ పలమనేరులోనో పుంగనూరులోనో ఉన్న ఎవరో పెద్దాయన ఫోన్‌కి పోతాయి. మన ఇబ్బందిని ఇంకొకరి నెత్తిన రుద్దడం సరికాదు.

ఇంకోటి, బిల్లు వేస్తూ "ఓటీపీ వచ్చింది చూడండి, చెప్పండి" అంటే ఆగండి. ఆ మెసేజ్ మొత్తం చదవండి. మీకు తెలియకుండానే వాళ్ల మెంబర్‌షిప్‌లో చేరుతున్నారేమో, ప్రకటనలు పంపడానికి అనుమతి ఇస్తున్నారేమో అందులోనే రాసి ఉంటుంది. డబ్బు మీరు ఇచ్చేశారు, సరుకు చేతికొచ్చింది, ఇక ఓటీపీ ఎందుకు?

ఇవ్వాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. ఫ్రిజ్, ఫోన్, ఇన్వర్టర్ లాంటివి కొన్నప్పుడు వారంటీకి నంబర్ ఉంటే సర్వీస్ వాళ్లు వచ్చేటప్పుడు పనికొస్తుంది. అక్కడ నంబర్ ఇవ్వండి, పుట్టినరోజు, పెళ్లిరోజు ఇవ్వకండి. వీలైతే దీనికంతా ఒక వేరే నంబర్ పెట్టుకోండి. బ్యాంకు, ఆధార్, పాన్, యూపీఐ ఒక నంబర్ మీద, షాపులు, పార్సిళ్లు, కూపన్లు, సినిమా టికెట్లు ఇంకో నంబర్ మీద. నేను ఇంట్లో అందరికీ ముందు చెప్పే సలహా ఇదే. బ్యాంకు నంబర్ బజార్లో తిరగనంతవరకూ, ఆ నంబర్‌కి "మీ కేవైసీ ఆగిపోయింది" అని ఎవరైనా ఫోన్ చేస్తే అబద్ధమని వెంటనే అనుమానం వస్తుంది.

యూపీఐలో ఒక చిన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. చాలామంది యూపీఐ ఐడీలో వాళ్ల ఫోన్ నంబరే ఉంటుంది. టీ కొట్టు దగ్గర పది రూపాయలు స్కాన్ చేసినా అవతలివాళ్లకి మీ పేరు, దాంతోపాటు నంబర్ కూడా చేరే వీలుంది. యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నంబర్ లేని కొత్త ఐడీ ఒకటి పెట్టుకోవచ్చు. ముఖ్యంగా ఆడపిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు ఈ పని ఇవాళే చేసుకోండి. యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే పిల్లలు రీఛార్జ్ కూడా షాపులో నంబర్ చెప్పి చేయించుకోవడం మానేసి ఫోన్లోనే చేసుకోవడం మేలు.

మందుల షాపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పోయేది నంబర్ మాత్రమే కాదు. షుగర్ మాత్రలు, నిద్రమాత్రలు, డిప్రెషన్ మందులు, ప్రెగ్నెన్సీ కిట్, ఇవన్నీ ఒక ఫోన్ నంబర్ కింద వరసగా చేరితే మీ ఇంటి జబ్బుల చరిత్ర మొత్తం తయారవుతుంది. అది రేపు ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లకో, ఇంకెవరికో చేరితే దాన్ని వెనక్కి తెచ్చుకోలేం. "చట్ట ప్రకారం నంబర్ రాయాలి" అని కొందరు అంటారు. షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా కింద వచ్చే కొన్ని యాంటీబయాటిక్స్‌కి, నిద్రమందుల్లాంటి వాటికి రిజిస్టర్ పెట్టాలనేది నిజమే. అందులో రాయాల్సింది డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారన్నది. ఫోన్ నంబర్ గడి అందులో లేదు. డిస్కౌంట్ కోసం నంబర్ ఇస్తారా, ఇవ్వరా అన్నది మీ ఇష్టం, కానీ ఆ పది శాతానికి బదులుగా ఏం ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

ఆధార్, జిరాక్స్, లాడ్జి

తిరుమల దర్శనానికి, గదులకి ఒరిజినల్ ఆధార్ అడుగుతారు, అక్కడ వాదనకి చోటు లేదు, అడగడానికి కారణం కూడా ఉంది. ఒకరి పేరు మీద టికెట్లు తీసి ఇంకొకరికి అమ్ముకునే దళారుల్ని ఆపాలంటే మనిషికీ టికెట్‌కీ ముడి వేయాల్సిందే. 2023 మార్చి 1 నుంచి టీటీడీ ముఖాన్ని గుర్తుపట్టే టెక్నాలజీని కూడా ప్రయోగాత్మకంగా తెచ్చింది, ఒకే మనిషి మళ్లీమళ్లీ టోకెన్లు తీసుకోకుండా, గది కాషన్ డిపాజిట్ కట్టినవాళ్లకే తిరిగి వెళ్లేలా. 2025 సెప్టెంబరులో వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కృత్రిమ మేధతో నడిచే కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది, రద్దీని ముందే అంచనా వేయడానికి, తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి పనికొస్తుంది. నాకు ఇవి అవసరమైనవే అనిపిస్తాయి. అయితే పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ముఖం పోతే మార్చుకోలేం, కాబట్టి ఆ ఫొటోలు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూడగలరు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది కౌంటర్ల దగ్గరే తెలుగులో బోర్డు పెట్టి చెబితే బాగుంటుంది. భక్తి ఉన్నవాళ్లు కూడా ఈ ప్రశ్న అడగొచ్చు.

మన జాగ్రత్త వేరే చోట కావాలి. టికెట్ ఇప్పిస్తానని వాట్సాప్‌లో కుటుంబమంతా ఆధార్ ఫొటోలు పంపమనే మనిషి దగ్గర. టికెట్ రాకపోతే డబ్బు పోతుంది, అది ఒక నష్టం. పది మంది ఆధార్ కార్డులు, పిల్లలవి కూడా, ముక్కూ మొహం తెలియని వాడి ఫోన్లో ఉండిపోతాయి, అది పెద్ద నష్టం. అచ్చం టీటీడీ సైట్‌లాగే కనిపించే నకిలీ సైట్లు కూడా ఉన్నాయి, గూగుల్‌లో వెతికి పైన వచ్చినదాన్ని నొక్కకండి, టీటీడీ అధికారిక యాప్ నుంచో, చిరునామాలో ఏపీ ప్రభుత్వం పేరు చూసుకునో వెళ్లండి.

లాడ్జిలో గుర్తింపు అడగడం మామూలే, పోలీసులకి వివరాలు చూపించాల్సి ఉంటుంది. కానీ ఆధారే ఇవ్వాలని లేదు, డ్రైవింగ్ లైసెన్సో ఓటర్ కార్డో చూపించవచ్చు. ఆధారే ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మై ఆధార్ వెబ్‌సైట్‌లో నంబర్, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లి డౌన్‌లోడ్ దగ్గర మాస్క్‌డ్ అన్న గడిలో టిక్ పెడితే మొదటి ఎనిమిది అంకెలు దాచేసి చివరి నాలుగు మాత్రం చూపించే కార్డు వస్తుంది. దాన్ని ఒకసారి ప్రింట్ తీయించి పర్సులో పెట్టుకుంటే సరిపోతుంది. మామూలు జిరాక్స్ ఇవ్వక తప్పనప్పుడు కాగితం మీద అడ్డంగా, ఫొటోని, అక్షరాలని తాకేలా "ఫలానా లాడ్జిలో బస కోసం మాత్రమే" అని తేదీతో రాసి సంతకం పెట్టండి. ఆ కాపీతో ఇంకోచోట సిమ్ తీసుకోవాలంటే కష్టం అవుతుంది.

జిరాక్స్ షాపు గురించి ఎవరూ మాట్లాడరు. బస్టాండ్ చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపుకి వెళ్లినా "వాట్సాప్ చేయండి అన్నా" అంటారు, మనం ఆధార్, పాన్, పట్టాదారు పాసు పుస్తకం, టెన్త్ మెమో అన్నీ ఆ కంప్యూటర్‌కి పంపేస్తాం. ప్రింట్ అయ్యాక మీ ఫోన్లో ఆ చాట్‌లోకి వెళ్లి అందరికీ డిలీట్ చేయండి, అయినా అక్కడ డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో ఫైల్ మిగులుతుంది, కాబట్టి అక్కడే నిలబడి "ఆ ఫైల్ తీసేయండి అన్నా" అని తీయించి కదలండి. "దానికి పాస్‌వర్డ్ ఉంది కదా" అనుకోవద్దు. ఈ-ఆధార్ ఫైల్‌కి పాస్‌వర్డ్ అందరికీ ఒకే పద్ధతిలో ఉంటుంది: పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ రెండూ తెలిసినవాళ్లు మీ చుట్టూ ఎంతమంది ఉంటారో చూసుకోండి.

వేలిముద్రల సంగతి ఇంకా తీవ్రమైనది. భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీద ఉన్న వేలిముద్రల్ని కాపీ చేసి, రబ్బరులాంటి పదార్థంతో నకలు తయారుచేసి, ఆధార్‌తో డబ్బు తీసే మిషన్లలో వాడి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి. ఆ పద్ధతిలో ఓటీపీ కూడా రాదు. దీనికి మందు బయోమెట్రిక్ లాక్. మై ఆధార్ సైట్‌లోనో ఆధార్ అధికారిక యాప్‌లోనో లాక్ పెడితే వేలిముద్ర, కంటిపాప ఎవరు పెట్టినా పనిచేయవు, మీకు అవసరమైనప్పుడు కాసేపు తీసి పెట్టుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకి పింఛన్, రేషన్ వేలిముద్రతో వస్తాయి కాబట్టి వాళ్లకి లాక్ పెడితే ఆ రోజు తీసే బాధ్యత పిల్లలు తీసుకోవాలి, లేకపోతే ఒకటో తారీఖు పొద్దున్నే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అదే సైట్‌లో మీ ఆధార్‌ని గత ఆరు నెలల్లో ఎప్పుడెప్పుడు వాడారో చూపించే హిస్టరీ కూడా ఉంటుంది, ఓసారి చూడండి.

ఫోన్లో

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద పర్మిషన్ మేనేజర్ అని ఉంటుంది. అందులో లొకేషన్, మైక్, కెమెరా, కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్ ఒక్కొక్కటీ తెరిచి ఏ యాప్‌కి ఇచ్చారో చూసి, అక్కర్లేనివి తీసేయండి. ప్రకటనల ఐడీ డిలీట్ చేసే చోటు కూడా అక్కడే ప్రైవసీ కింద ఉంటుంది. గూగుల్ ఖాతాలో వెబ్ హిస్టరీ, లొకేషన్ హిస్టరీ మూడు నెలలకోసారి దానంతటదే చెరిగిపోయేలా పెట్టండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి, లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఉంటే తీసేయండి, గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అన్నచోట మై కాంటాక్ట్స్ పెట్టండి. ఇవన్నీ కలిపి కాఫీ తాగే టైమ్‌లో అయిపోతాయి.

కాంటాక్ట్స్ దగ్గర మాత్రం ఆగాలి. మిగతావి మీ సొంతం, కాంటాక్టులు మీ సొంతం కాదు. మీ ఫోన్లో ఉన్న ఐదొందలమంది మిమ్మల్ని నమ్మి నంబర్ ఇచ్చారు, ఎవరో యాప్‌వాళ్లని నమ్మి కాదు. ఫేస్‌బుక్‌లో ఒక క్విజ్ యాప్ ద్వారా జనాల వివరాలు లాగేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం, 2018లో బయటపడింది, గుర్తుందా? మన దేశంలో ఆ క్విజ్ యాప్‌ని పెట్టుకున్నది 335 మంది. వాళ్ల స్నేహితుల జాబితాల ద్వారా వివరాలు పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్ చెప్పిన మనవాళ్ల లెక్క 5.62 లక్షలు. ఆ లక్షలమందిని ఎవరూ ఏమీ అడగలేదు. మనం "అలౌ" నొక్కినప్పుడు మన అత్తయ్య, మన డాక్టర్, మన పిల్లల టీచర్ తరఫున కూడా నొక్కుతున్నాం.

దీన్ని అత్యంత దారుణంగా వాడుకున్నవి లోన్ యాప్‌లు. ఐదు వేలు అప్పిచ్చి, కాంటాక్టులన్నీ లాగేసి, ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులకి పంపి, మన రాష్ట్రంలో ప్రాణాలు తీసుకునేదాకా మనుషుల్ని తరిమాయి. రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో ఇచ్చిన నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, కాల్ లిస్టు, ఫొటోలు చూడకూడదు. వసూలు చేసేవాళ్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. కాబట్టి కాంటాక్టులు అడిగిందంటే ఆ యాప్ నిబంధన తప్పుతోందని అక్కడే తేలిపోయింది, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఇంట్లో చెప్పండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు. స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ బంధువుల్లో ఎవరి గురించైనా అలాంటి మెసేజ్ మీకు వస్తే ఇంకొకరికి పంపకండి, వాళ్లకి ఫోన్ చేసి ధైర్యం చెప్పండి.

యాప్‌లు, సైట్లు మనల్ని ఒప్పించడానికి వాడే మాయల మీద కూడా నిబంధనలు ఉన్నాయి. 2023 నవంబర్ 30న వచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి 13 రకాలని డార్క్ ప్యాటర్న్స్ పేరుతో నిషేధించారు. ముందే టిక్ పెట్టిన ఇన్సూరెన్స్, "వద్దు" బటన్ కనిపించకుండా దాచడం, కాంటాక్టులు ఇస్తేనే ముందుకు వెళ్లనివ్వడం, అన్నీ అందులో ఉన్నాయి.

పెళ్లి బయోడేటా, స్కూలు గ్రూపు

మన ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువ వివరాలు ఉండే కాగితం ఆధార్ కాదు, పెళ్లి బయోడేటా. పూర్తి పేరు, గోత్రం, పుట్టిన తేదీ, గంట, నిమిషం, ఊరు, ఉద్యోగం, జీతం, నాన్న ఉద్యోగం, అన్నదమ్ములు, మంగళంలో ప్లాటు, చంద్రగిరి దగ్గర పొలం, ఫోన్ నంబర్, నిలువెత్తు ఫొటో. ఇది ఒక పీడీఎఫ్‌గా పెళ్లిళ్ల గ్రూపుల్లోకి వెళ్తే, అమ్మాయికి పెళ్లై పిల్లలు పుట్టినా అది తిరుగుతూనే ఉంటుంది. ఆధార్ ఫైల్ పాస్‌వర్డ్‌కి కావలసిన పేరు, పుట్టిన సంవత్సరం కూడా అందులోనే ఉన్నాయి, చూశారా.

రెండు బయోడేటాలు తయారుచేసుకోండి. మొదటిదాంట్లో పేరు, చదువు, ఎలాంటి ఉద్యోగం, ఏ ఊరు, నక్షత్రం, పాదం, పెద్దవాళ్ల నంబర్. పొంతన చూడడానికి నక్షత్రం, పాదం చాలు, పుట్టిన నిమిషం అక్కర్లేదు. ఆస్తులు, జీతం, పూర్తి జాతకం, మిగతా ఫొటోలు, మాటలు కుదిరిన ఇంటికి మాత్రమే, రెండోదాంట్లో. సంబంధం తప్పిపోతే "మా అమ్మాయి వివరాలు తీసేయండి వదినా" అని అడగడంలో తప్పేమీ లేదు, అవతలివాళ్ల బయోడేటాని మన ఫోన్లోంచి తీసేయడం అంతకన్నా ముందు చేయాల్సిన పని.

స్కూళ్ల విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. టెన్త్ పరీక్షలు అయ్యాయో లేదో, "నమస్తే సార్, పాప బాగా రాసిందా? మా కాలేజీలో సీటు..." అంటూ పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. మాకూ వచ్చాయి, పాప పేరు, స్కూలు, గ్రూపు ఏది అనుకుంటున్నామో కూడా చెప్పారు. ఆ జాబితా ఆకాశంలోంచి ఊడిపడదు, ఎక్కడో ఎవరో ఇస్తేనే వస్తుంది. తల్లిదండ్రులు పీటీఎమ్‌లో, అంటే టీచర్లతో జరిగే మీటింగ్‌లో, ఈ ప్రశ్న అడగండి: మా నంబర్లు ఎవరెవరికి ఇచ్చారు? అడ్మిషన్ ఫారంలోనే "ఈ నంబర్ స్కూలు అవసరాలకు మాత్రమే, బయటివారికి ఇవ్వరాదు" అని రాసి ఫొటో తీసి పెట్టుకోండి. పది మంది రాస్తే జాబితా బయటికి పంపేవాళ్లు ఆలోచిస్తారు.

అడిగేవాళ్లకి

షాపో, లాడ్జో, ట్యూషన్ సెంటరో నడుపుతుంటే ఈ మాటలు మీకు. వినియోగదారు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత వివరాల్ని చట్టం ఒప్పుకోని పద్ధతిలో ఇంకొకరికి ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. పైగా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో దాని నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. అంత పెద్ద మొత్తం చిన్న షాపుకి వేయకపోవచ్చు, కానీ పద్ధతి అందరికీ ఒకటే: ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, దానికే వాడాలి, పని అయ్యాక చెరిపేయాలి, కస్టమర్ అడిగితే ఆ నోటీసు తెలుగులోనూ దొరకాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

పెద్ద సంస్థలే కాపాడుకోలేకపోతున్నాయి. 2021లో ఎయిర్ ఇండియా 45 లక్షలమంది ప్రయాణికుల వివరాలు బయటికి పోయాయని చెప్పింది, 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడితో రోజుల తరబడి ఆగిపోయాయి. మీ దగ్గర లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు, కాబట్టి తక్కువ తీసుకోవడమే అన్నిటికన్నా చవకైన భద్రత. లాడ్జి రిజిస్టర్ కౌంటర్ మీద తెరిచి పెట్టకండి, తర్వాత వచ్చినవాడు పై వరసలో ఒంటరిగా దిగిన ఆడమనిషి పేరు, గది నంబర్ చదివేస్తున్నాడు. జిరాక్సుల కట్ట పాత పేపర్ల వాడికి వేయకండి, చింపి వేయండి. నేను చూస్తుండగానే ఒకచోట బజ్జీల పొట్లం ఎవరిదో గుర్తింపు కార్డు జిరాక్స్‌లో కట్టి ఇచ్చారు, కార్డు మీద ఫొటో స్పష్టంగా ఉంది.

ఇప్పటికే పోయి ఉంటే

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930, ఆ వెంటనే బ్యాంకు. మీ తప్పు లేకుండా మూడోవాళ్ల వల్ల పోయిన డబ్బుని మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే మీ మీద భారం పడకూడదని రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలోనే చెప్పింది. ఫిర్యాదు నంబర్ తీసుకోండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు, మీవి కానివి ఉంటే అక్కడే చెప్పొచ్చు. అదే సైట్‌లో చక్షు అన్న చోట మోసపు కాల్స్ గురించి ఫిర్యాదు చేయొచ్చు. ప్రకటనల కాల్స్‌కి 1909: ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి ఒక ఖాళీ వదిలి సున్నా కొట్టి ఆ నంబర్‌కి మెసేజ్ పంపండి. తర్వాత కూడా కాల్స్ వస్తే వారంలోపు అదే నంబర్‌కి ఫిర్యాదు చేయొచ్చు.

ఏ షాపు నుంచి వస్తున్నాయో తెలిసినప్పుడు నేరుగా వాళ్లకే రాయడం మంచిది. ఇలా పంపండి: "మీ షాపులో ఫలానా తేదీన బిల్లు కోసం ఈ నంబర్ ఇచ్చాను. దీన్ని ప్రకటనలకు వాడడానికి నేను ఒప్పుకోవడం లేదు. మీ రికార్డుల్లోంచి తీసేయండి, ఎవరికైనా ఇచ్చి ఉంటే వాళ్ల దగ్గర కూడా తీయించండి, తీసేశాక నాకు జవాబు ఇవ్వండి." పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పది రోజులు చూసి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, బిల్లు, స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని చేయండి. వాళ్లిచ్చే డాకెట్ నంబర్‌ని, అంటే ఫిర్యాదు నంబర్‌ని, ఆ బిల్లు వెనకే రాసి పెట్టుకోండి, మళ్లీ ఫోన్ చేసినప్పుడు ముందు అదే అడుగుతారు.